ఫోకస్ ఫైన్ ట్యూన్ జోలికి వెళ్లే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పెళ్లి ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పెళ్లికూతురి జుంకీల్లో రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, కనురెప్పలు మాత్రం సాఫ్ట్‌గా ఉన్నాయి. 85 ఎంఎం లెన్స్ పాడైంది, అమ్మేస్తానంటున్నావు. తొందరపడకు. కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి దగ్గర పడిందంటే అది బ్యాక్ ఫోకస్. దాన్ని సరిచేసే ఏర్పాటు నీ నికాన్ డి750 సెటప్ మెనూలోనే ఉంది, పేరు ఏఎఫ్ (ఆటో ఫోకస్) ఫైన్ ట్యూన్. అందులో ఒక అంకె పెడితే ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. అయితే దాని మీద చేయి వేసే ముందు తప్పు ఎవరిదో తేల్చాలి.

వ్యూఫైండర్‌లో చూస్తూ తీసినప్పుడు ఫోకస్ లెక్క కట్టేది ఫొటో తీసే సెన్సర్ కాదు. పెద్ద అద్దం వెనక ఉన్న చిన్న అద్దం కొంత వెలుగును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ మీదికి దించుతుంది. ఆ దారి పొడవు, లెన్స్ నుంచి అసలు సెన్సర్ దాకా ఉన్న దారి పొడవు ఒక్కటే అయి ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. బాడీలో కొంత, లెన్స్‌లో కొంత తేడా ఉండి రెండూ ఒకే వైపు కలిస్తే బయటపడుతుంది, ఎదురెదురైతే సర్దుకుపోతుంది. అందుకే నీ లెన్స్ నీ స్నేహితుడి కెమెరా మీద భేషుగ్గా ఉందంటే ఆశ్చర్యం లేదు. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు, అసలు సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి ఈ గొడవ ఉండదు. ముందుగా ట్రైపాడ్ మీద పెట్టి, కదలని వస్తువును లైవ్ వ్యూలో ఒకటి, వ్యూఫైండర్‌తో ఒకటి తీసి పోల్చు. రెండూ ఒకేలా ఉంటే తప్పు నీ చేతిలో ఉంది, లెన్స్‌లో లేదు.

నాకు అనుమానం కూడా అక్కడే. వ్యూఫైండర్‌లోని మధ్య ఫోకస్ పాయింట్‌తో కంటికి ఫోకస్ పట్టి, ఆ తరువాత కెమెరా తిప్పి ఫ్రేమ్ సర్దుకునే అలవాటు నీకు ఉంది. 2 మీటర్ల దూరంలో ఫోకస్ పట్టాక 10 డిగ్రీలు తిప్పితే, ఫోకస్ తలం కంటికి దాదాపు 3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఆ దూరంలో అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 1.8 దగ్గర నీ లెన్స్ షార్ప్‌గా చూపే లోతు మొత్తం 6 సెంటీమీటర్లే, అందులో కంటికి వెనక ఉండేది సగం. అంటే ఏ దోషమూ లేని లెన్స్‌తో కూడా నువ్వు పంపినలాంటి ఫొటోలే వస్తాయి! కంటి మీద ఉన్న పాయింట్‌నే ఎంచుకుని తీయడం నేర్చుకో. మండపంలో పంతులుగారు, వీడియో వాళ్లు, చుట్టాలు తోస్తూ ఉంటే కష్టమే, ఒప్పుకుంటాను.

ఇంకొకటి. తప్పు ప్రతిసారీ ఒకే వైపు, ఇంచుమించు అంతే పడుతుంటేనే ఫైన్ ట్యూన్ పనికొస్తుంది. ఒకసారి ముక్కుపుడక, ఒకసారి జుంకీ షార్ప్‌గా వస్తుంటే మెనూలో ఏ అంకె పెట్టినా లాభం లేదు.

పరీక్ష ఇలా చెయ్యి. చదునైన అట్టపెట్టెకు పెద్ద అక్షరాల పత్రికా శీర్షిక అతికించి, కెమెరాకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టు. దాని పక్కనే 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టు. 15 దగ్గరి గీత శీర్షిక ఉన్న తలంలోనే ఉండాలి. స్టీలు స్కేలు వద్దు, మెరుస్తుంది. ఫోకస్ శీర్షిక మీద పెట్టాలి, స్కేలు మీద కాదు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వ్యూఫైండర్‌లో కనిపించే చదరం కన్నా ఫోకస్ పాయింట్ నిజంగా చూసే మేర పెద్దది; వాలుగా ఉన్న స్కేలు మీద పెడితే అది ఏ గీతను పట్టుకుందో నీకు తెలియదు.

లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ మీద రాసి ఉన్న ఎంఎం అంకెకు) 50 రెట్ల దూరంలో పరీక్షించాలని కెనాన్ వాళ్లు చెబుతారు. 85 ఎంఎంకు అది 4.25 మీటర్లు. నా మాట వింటే నువ్వు ఎక్కువగా తీసే దూరంలోనే, అంటే 2 నుంచి 3 మీటర్లలో చెయ్యి, ఎందుకంటే దూరం మారితే ఈ తేడా కూడా కొంత మారుతుంది. పగటి వెలుగులో, అపెర్చర్ ఎఫ్ 1.8, మధ్య పాయింట్, సింగిల్ ఫోకస్, టైమర్‌తో తియ్యి. ప్రతి ఫొటోకు ముందు ఫోకస్ రింగు తిప్పి చెడగొట్టాలి, ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరానికి. ఒక్కో అంకె దగ్గర నాలుగైదు ఫొటోలైనా ఉండాలి. ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పకు.

కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి చూడు. 15 గీతకు అటూ ఇటూ షార్ప్‌గా ఉన్న భాగం సమానంగా ఉంటే సరే. వెనక వైపు ఎక్కువ ఉంటే మైనస్, ముందు వైపు ఎక్కువ ఉంటే ప్లస్. మైనస్ ఫోకస్‌ను నీ వైపు లాగుతుంది, ప్లస్ అవతలికి నెడుతుంది. మైనస్ 5, మైనస్ 10 వేసి చూసి, బాగున్న దాని చుట్టుపక్కల వెతుకు. ఒక్కొక్క అంకె తేడా కంటికి ఆనదు, అంత చాదస్తం అక్కర్లేదు. దొరికిన అంకెను ఆ లెన్స్ పేరు మీద సేవ్ చెయ్యి. డిఫాల్ట్ అనే గడి జోలికి పోకు. అందులో పెట్టిన అంకె, విడిగా అంకె సేవ్ చేయని లెన్సులన్నిటికీ అంటుకుంటుంది. ఆ తరువాత కల్యాణమండపం దీపాల కింద ఒకసారి సరిచూసుకో. వెలుగు రంగు మారితే ఫోకస్ కూడా కాస్త జరుగుతుంది.

24-70 జూమ్‌కు నీ కెమెరా ఒక్క అంకెనే ఒప్పుకుంటుంది. నువ్వు ఎక్కువగా వాడే 70 వైపు చూసి పెట్టు. మెనూలో హద్దు మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. 15 దాటాల్సి వస్తుంటే ఆ పని మనది కాదు. బాడీ, లెన్స్ రెండూ కలిపి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వు. ఒక్కటే ఇస్తే రెండోదాని తేడా అలాగే మిగిలిపోతుంది.

ఇదంతా తేలే లోపు పెళ్లి ఒప్పుకుని ఉంటే ఎఫ్ 2.8కి దిగి తియ్యి, షార్ప్‌గా పడే లోతు పెరుగుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళ వెనక లైట్లు కాస్త తక్కువ కరిగితే ఎవరూ అడగరు, కళ్లు కరిగితే అడుగుతారు.

పరీక్ష ఫొటోలు నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోలుగా కాకుండా డాక్యుమెంట్లుగా పంపు. కుదించిన ఫొటోలో ఏ గీత షార్ప్‌గా ఉందో చెప్పడం నా వల్ల కాదు.

మామయ్య