సైగలు నేర్పితే మాటలు ఆలస్యమవుతాయా? మా ఇంటి అనుభవం

మాటలేమీ ఆలస్యం కావు, ముందు ఆ భయం పక్కన పెట్టండి. మీ పాపకి తొమ్మిదో నెల. ఫోన్లో వీడియోలు చూసి పాలు, ఇంకా, చాలు లాంటివి చేత్తో చెప్పడం నేర్పుదామనుకుంటే, "సైగలకి అలవాటు పడితే మాటలెందుకొస్తాయి" అని మీ అత్తగారు అడ్డుపడుతున్నారన్నారు. డబ్బులు కట్టి కోర్సులో చేరాలా అనీ అడిగారు.

మాది విజయనగరం. అత్తవారిది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా బాబుకి నేర్పుతున్నప్పుడు మా అత్తయ్యా అదే మాట అన్నారు: "ఒలమ్మ, గుంటడిని మూగోడిని సేసేస్తావేటే?" తమాషా ఏమిటంటే, ఆ మాట అంటూనే వాడి రెండు చేతులూ కలిపి జేజికి దండం పెట్టిస్తున్నారు. బువ్వ గిన్నె ఖాళీ అయితే "అయిపోయింది, కాకెత్తుకుపోయింది" అని అరచేతులు తిప్పి చూపించేదీ ఆవిడే. టాటాలు, చప్పట్లు, చందమామని రమ్మని చెయ్యి ఊపడాలు, ఇవన్నీ సైగలు కావా? అవన్నీ చేసే మనమంతా మాట్లాడుతూనే ఉన్నాం కదా.

దీన్ని పరిశోధనగా పట్టించుకున్నది 1980లలో, అమెరికాలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో లిండా అక్రెడోలో అనే సైకాలజిస్టు కూతురు, మాటలు రాకముందే పువ్వు కనిపిస్తే ముక్కుతో వాసన పీల్చి చూపించేదట. అది గమనించి ఆవిడ సుసాన్ గుడ్విన్‌తో కలిసి పని మొదలుపెట్టారు. 2000లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో సైగలు నేర్చిన పిల్లలు మాటల్లో వెనకబడలేదు సరికదా, కాస్త ముందే ఉన్నారు. ఆ "ముందే" అన్న ముక్క పట్టుకునే ఇప్పుడు కోర్సులు అమ్ముతున్నారు. తర్వాత 2013లో ఇంగ్లండులో ఎలిజబెత్ కిర్క్ బృందం 40 మంది తల్లులనీ వాళ్ళ పిల్లలనీ, పిల్లల 8వ నెల నుంచి 20వ నెల దాకా గమనించింది. సైగలవల్ల మాటలు తొందరగానూ రాలేదు, ఆలస్యమూ కాలేదు. తేడా కనిపించింది తల్లుల్లో. సైగలు నేర్పినవాళ్ళు బిడ్డ మాట లేకుండా తెలియజేసేదాన్ని ఎక్కువగా కనిపెట్టగలిగారు. నా అనుభవం కూడా ఇదే. మా వాడు తెలివిమీరిపోయాడని చెప్పను గానీ, మేం వాడి చేతులకేసి చూడడం నేర్చుకున్నాం.

ఏ సైగలు పెట్టాలన్నది మాత్రం వీడియో వాళ్ళకి వదిలెయ్యకండి. అక్కడ చూపించేవి చాలావరకు అమెరికాలో బధిరులు వాడే భాష నుంచి తీసుకున్నవి. వాటిలో పాలకి పిడికిలి బిగించి వదలడం ఒకటి. నేను అది చేస్తుంటే మా అత్తయ్య చూసి "ఇదేటి, ఆవుని పిండుతున్నావేటి?" అన్నారు. నిజానికి అది పాలు పిండడమే! రోజూ ఆవు దగ్గర కూర్చునే మనిషి కదా, ఆ క్షణం నుంచి ఆ సైగ ఆవిడ సొంతమైపోయింది, నాకంటే బాగా చేసేవారు. నీళ్ళకి మన బొటనవేలు నోటి దగ్గర పెట్టుకోవడం ఉండనే ఉంది, బువ్వకి వేళ్ళన్నీ కలిపి నోటికి ఆనించడం ఉంది. ఇంట్లో నలుగురూ ఆలోచించకుండా చేసేదైతేనే పిల్లకి రోజంతా కనిపిస్తుంది. "ఇంకా"కి రెండు చేతుల వేళ్ళ కొసలు తాకించాలని నేర్పితే మా వాడు చప్పట్లు కొట్టేవాడు. సరే, మా ఇంట్లో చప్పట్లంటే "ఇంకా పెట్టు" అని ఖాయం చేసుకున్నాం. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం వాడు సంతోషపడిపోతున్నాడనుకునేవారు.

నేర్పడంలో పెద్ద విద్యేమీ లేదు. రెండు మూడింటితో మొదలుపెట్టండి. పాలిచ్చేటప్పుడే, పాప మీ మొహం చూస్తున్నప్పుడే సైగ చెయ్యండి, నోటితో "పాలు" అని స్పష్టంగా అనండి. నోరు మూసుకుని చెయ్యి మాత్రం ఆడిస్తే మీ అత్తగారి మాటే నిజం కావచ్చు. చాలా రోజులు ఊరికే గుడ్లప్పగించి చూస్తుంది, చూడనివ్వండి. "సైగ చెయ్యి, అప్పుడే ఇస్తా" అని గిన్నె వెనక్కి లాగి ఏడిపించడం మాత్రం నాకు నచ్చదు. ఆకలేసిన బిడ్డకి పరీక్షలేమిటి?

లాభం తెలిసొచ్చేది ప్రయాణాల్లో. ఎండాకాలం చీపురుపల్లి నుంచి బస్సులో వస్తుంటే వాడు ఒకటే పేచీ. బిస్కట్ ఇచ్చాం, విసిరేశాడు. భుజం మార్చాం, లాభం లేదు. చివరికి మా ఆయనే చూశారు, బొటనవేలు నోటి దగ్గర ఉంది. రెండు గుక్కలు తాగి నిద్రపోయాడు. తర్వాత "నీ" అనడం వచ్చాక కొన్నాళ్ళు మాటా వేలూ రెండూ వాడి, వేలు దానంతటదే మానేశాడు. అన్నిటికంటే ఆఖరున పోయింది ఆ చప్పట్లే.

ఒక్క విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. పిలిస్తే తిరగకపోయినా, 12 నెలలు నిండినా టాటా చెప్పడం గానీ వేలుపెట్టి చూపించడం గానీ లేకపోయినా, 16 నెలలకి ఒక్క మాట రాకపోయినా, "మగపిల్లలకి ఆలస్యమేలే" లాంటి మాటలు వినకుండా వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లల్ని చూసే వైద్య బృందాలు దీన్ని కూడా పరీక్షిస్తాయి. మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడగండి. వినికిడి లోపం ఉందని తేలితే ఈ నాలుగు సైగలు ఏ మూలకీ సరిపోవు. బధిరుల సైగల భాష వ్యాకరణంతో సహా పూర్తి భాష, దాన్ని తెలిసినవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

కోర్సుకి డబ్బు దండగ. ఇక మీ అత్తగారి దగ్గర "సైగలు నేర్పుతున్నాను" అన్న మాటే ఎత్తకండి. "నీళ్ళకి ఎలా చూపిద్దాం అత్తయ్యా?" అని అడిగి, ఆవిడ ఏది చూపిస్తే అదే ఖాయం చేసెయ్యండి.