కాన్పయ్యాక మనసు బాగోలేకపోతే సైకియాట్రిస్టుకి చూపించాలా?

కాన్పయి నెల దాటినా మీ ఆవిడ ఏడుస్తూనే ఉందనీ, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చిదన్న పేరు పడుతుందని మీ అమ్మగారు వద్దంటున్నారనీ రాశారు. చూపించండి. ఈ వారంలోనే చూపించండి.

మా చెల్లి తొలి కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వచ్చింది. పిల్లాడు బాగున్నాడు. ఇది మాత్రం వాడు నిద్రపోయినా కళ్లు తెరుచుకునే పడుకునేది. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేసింది. పెద్దమ్మేమో "మేం కనలేదుటే పిల్లల్ని? అయిదుగుర్ని కని పొలం పనులకి పోయాం" అంది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో గాలి సోకిందని ఏ బాలింతని వేపమండలతో కొట్టించారో, ఎవరు నూతిలో దూకారో కూడా ఈ పెద్దమ్మే చెప్పేది.

ఒకరోజు పిల్లాడికి స్నానానికి నీళ్లు తోడుతుంటే చెల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. "అక్కా, వాణ్ని నాకివ్వకు. నీళ్లలో వదిలేస్తానేమోనని భయంగా ఉంది" అంది.

మర్నాడే గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆ మాట విని ఉలిక్కిపడలేదు. ఇలాంటి ఆలోచనలొచ్చి వాటికే హడలిపోయే తల్లులు చాలామంది ఉంటారంది. థైరాయిడ్ పరీక్ష చేయించి సెర్ట్రలీన్ అని దిగులు తగ్గే మందు రాసింది. అది పాలల్లోకి వెళ్లేది చాలా తక్కువ, పాలు మాన్పించక్కర్లేదంది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందనీ, మీ అంతట మీరు ఆపేయకండి, నేనే మెల్లగా తగ్గిస్తాననీ చెప్పింది. అలవాటైపోతుందని అందరూ భయపెడతారు గానీ ఇది నిద్రమాత్రల్లాంటి మందు కాదు. చెల్లి తేరుకుంది, మందూ ఆగిపోయింది.

అమ్మ భయమల్లా వియ్యాలవారికి తెలిసిపోతుందనే. వాళ్లొచ్చిన రోజున మాత్రలు తీసి కాల్షియం డబ్బాలో పోసింది. మా మరిదికి నేనే చెప్పేశాను. అతను ఒక్క మాట అనకుండా, రాత్రిపూట పిల్లాణ్ని ఎత్తుకు తిప్పే పని తన మీద వేసుకున్నాడు. సగం వైద్యం అదేనని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. ఆరో వారం టీకాకి వెళ్తే పిల్లాడి బరువు తూచారు, చుక్కలు వేశారు, కార్డు నింపారు. తల్లిని "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగిన మనిషి లేదు. బాలింతల దిగులు పట్టుకోవడానికి ఎడిన్‌బరో పట్టిక అని పది ప్రశ్నలది 1987 నుంచీ ఉంది. అయిదు నిమిషాల పని. పిల్లాడి కార్డు వెనకాలే అచ్చేసి ఇవ్వొచ్చు కదా!

కాన్పయిన కొత్తలో వచ్చే ఏడుపు మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీకు నెల దాటింది, ఇక ఆగకండి. డాక్టరు దొరికేలోపు 14416కి ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లోనే సాయం చేయడానికి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోతానన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి వినబడుతున్నాయన్నా ఫోన్లూ వద్దు, అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లని వేరేవాళ్ల చేతికిచ్చి. మీ అమ్మగారికి నచ్చజెప్పడం తర్వాత చూసుకోవచ్చు.