లక్షన్నర లెన్సు, ఆషాఢం ఈఎంఐ

ప్రశ్న: మాస్టారూ, కొన్నేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తున్నాను. సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీ, ట్యామ్రాన్ 28-75 ఎఫ్2.8 లెన్సు ఉన్నాయి. పోర్ట్రెయిట్ల కోసం సోనీ 85 ఎంఎం ఎఫ్1.4 జీఎం (సోనీ ఖరీదైన జీ మాస్టర్ వరస) తీసుకోవాలని మనసు లాగుతోంది. లక్షన్నర దాటుతోంది, ఈఎంఐ పెట్టుకోవాలి. 85 ఎఫ్1.8 చాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. ఇన్‌స్టాలో కనబడే బ్లర్, అదే మనిషి వెనకంతా మసకబారడం, దానికి రాదేమోనని నా భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు ఆ బ్లర్ సంగతి తేల్చేద్దాం. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు పేరులోని 75, 85 లాంటి మిల్లీమీటర్లు) ఎఫ్ నంబరుతో (అది తగ్గేకొద్దీ లెన్సు నోరు పెద్దది) భాగించండి, లెన్సు ఎంత వెడల్పు నోరు తెరుస్తుందో తెలుస్తుంది. మీ ట్యామ్రాన్ 75 దగ్గర ఎఫ్2.8లో సుమారు 27 మిల్లీమీటర్లు. 85 ఎఫ్1.8 అయితే 47. ఎఫ్1.4 అయితే 61. మనిషిని ఫ్రేములో అదే సైజులో పెట్టి తీసినప్పుడు, ఎక్కడో వెనక ఉన్న సీరియల్ లైట్లు ఎంత పెద్ద గుండ్రాలుగా విచ్చుకుంటాయన్నది ఈ అంకెను బట్టే ఉంటుంది. 27 నుంచి 47కి వెళ్తే ఎవరైనా గుర్తుపడతారు. 47కీ 61కీ తేడా, రెండు ప్రింట్లు పక్కపక్కన పెడితే మీరూ నేనూ పట్టుకుంటాం. పెళ్లికూతురి నాన్న పట్టుకోడు. డబ్బులిచ్చేది ఆయనే.

వెలుతురు లెక్కా అంతే. ఎఫ్1.4కీ ఎఫ్1.8కీ మధ్య ఉన్నది స్టాపులో (వెలుతురు రెట్టింపయ్యే మెట్టు) మూడింట రెండొంతులు. ఎఫ్1.4లో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 2000 పెట్టేచోట ఎఫ్1.8లో 3200 పెడతారు. మీ కెమెరాకి అదేమీ బరువు కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. పెళ్లికూతురు ముస్తాబైంది. కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మీటరుంపావు దూరం నుంచి ఎఫ్1.4లో క్లోజప్ కొట్టారనుకోండి. ఫోకస్‌లో ఉండేది రెండు సెంటీమీటర్లు కూడా కాదు. దగ్గరి కంటి రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే అవతలి కన్ను అప్పటికే మెత్తబడుతుంది, చెవి దగ్గరికొచ్చేసరికి జూకాలు మసకలో కలిసిపోతాయి. మీకు అది కళ. ఆ జూకాలు చేయించిన తల్లికి మాత్రం కాదు. "పాపిడిబిళ్ల బాగానే పడింది బాబూ, బుట్టలేవి?" అని ఆల్బమ్ సెలెక్షన్ రోజు మా స్టూడియోలో ఎందరు అడిగారో! అందుకే ముస్తాబు క్లోజప్‌లకి నేను ఎఫ్4 దాటే ఉంటాను. జంటని తీస్తే ఇద్దరి కళ్లూ ఒకే వరసలో ఉండవు కాబట్టి అక్కడా ఎఫ్2.8, ఎఫ్4. ఎఫ్4లో తీసేటప్పుడు లక్షన్నర లెన్సుకీ దాని ధరలో మూడో వంతుండే లెన్సుకీ తేడా భూతద్దంలో వెతుక్కోవాలి.

ఇక మండపం మీద 85 పెట్టుకుని ఏం చేస్తారు? నిలువు మనిషి మొత్తం ఫ్రేములో పట్టాలంటే దగ్గర దగ్గర ఐదు మీటర్లు వెనక్కి జరగాలి. ఆ ఐదు మీటర్లలో వీడియో అబ్బాయి, పంతులుగారు, మేనమామలు, కొబ్బరిబోండాం పట్టుకున్న పిన్నీ అందరూ ఉంటారు. జీలకర్రబెల్లం, తలంబ్రాలు మీ ట్యామ్రాన్‌తోనే తీస్తారు, సందేహం లేదు. 85 చేతికొచ్చేది అప్పగింతలప్పుడు. అందరి వెనకాల నిలబడి, ఎవరికీ అడ్డం పడకుండా తల్లి ముఖం పట్టుకోవచ్చు. ఆ పని రెండు లెన్సులూ చేస్తాయి.

జీఎంని తీసిపారేయడం లేదు. దాని నోటిని మూసే రేకులు, అదే బ్లేడ్లు, 11, చవకదానికి 9. కాస్త మూసినా దాని లైటు గుండ్రాలు గుండ్రంగానే ఉంటాయి. అపర్చర్ (లెన్సు నోరు) మార్చే రింగు ఉంది, తిప్పేటప్పుడు వచ్చే క్లిక్ తీసేసుకుంటే వీడియోవాళ్లకి హాయి. ఎదురు వెలుతురులో జరీ అంచు చుట్టూ వచ్చే ఊదా గీతను బాగా అదుపు చేస్తుంది. చవకదానిలో ఆ గీత వస్తుంది, లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తుడుచుకోవాలి. కానీ 2016 నాటి జీఎం బరువు 820 గ్రాములు, 2024లో వచ్చిన రెండోది 642. ఎఫ్1.8 బరువు 371. తెల్లవారుజాము ముహూర్తానికి రెండో బాడీ కూడా మెడలో వేలాడుతుంటే ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

నా మాట మీద కొనకండి, మానకండి. లైట్‌రూమ్‌లో కిందటి సీజన్ ఫోటోలు తెరిచి, మెటాడేటా (ఫోటోతో పాటే నమోదయ్యే వివరాలు) ఫిల్టర్‌లో ఫోకల్ లెంగ్త్, అపర్చర్ పెట్టి చూడండి. ఆల్బమ్‌కి ఎక్కినవాటిలో 75 దగ్గర ఎఫ్2.8లో తీసినవి గుట్టగా ఉంటే మీకు 85 కావాలి. ఎక్కువ 28, 35 దగ్గరే కనిపిస్తే అసలు ఏ 85 కూడా అక్కర్లేదు.

డబ్బు విషయానికొద్దాం. మన పనికి ఆషాఢం ఉంది, మూఢం ఉంది, ముహూర్తాల్లేని నెలలున్నాయి. ఈఎంఐకి అవేం పట్టవు, ప్రతి నెలా అదే తారీఖున కోసుకుంటుంది. "నో కాస్ట్" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎక్కడో ఒకచోట కనబడతాయి. నేనైతే ఎఫ్1.8 తీసుకుని, మిగిలినదాంట్లో కొంత పెట్టి గోడాక్స్ ఏడీ200 ప్రో లాంటి ఫ్లాష్, ఒక సాఫ్ట్‌బాక్స్ కొంటాను. రిసెప్షన్ స్టేజీ మీద ఎల్‌ఈడీ వాల్ పచ్చా గులాబీ రంగులు చిమ్ముతుంటే ముఖాన్ని కాపాడేది ఆ లైటే, ఎఫ్1.4 కాదు. ప్రీవెడ్డింగ్‌కి పార్టీ గట్టిగా అడిగితే జీఎం ఒక రోజుకి అద్దెకు తెచ్చి, ఆ అద్దె ప్యాకేజీలో కలపండి. అలా తెచ్చిన ప్రతిసారీ తిరిగివ్వబుద్ధి కాకపోతే అప్పుడు మళ్లీ రాయండి.

ఏది కొన్నా ఇండియా వారంటీ ఉన్న బిల్లు తీసుకోండి. మీది గోదావరి తేమ. లెన్సును సంచిలో వదిలేస్తే వానాకాలం పోయేసరికి ఫంగస్ పడుతుంది. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరని డబ్బా, సిలికా జెల్ చాలు.

ప్రశ్న: మా పాపకి రెండేళ్లు. సోనీ ఏ6400 ఉంది. పోర్ట్రెయిట్ అంటే 85 అనే చెబుతున్నారు. కొనమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. మీ కెమెరా సెన్సర్ చిన్నది, దాని మీద 85 పెడితే 127లా పనిచేస్తుంది. మీ హాల్లో పాప బొమ్మలతో ఆడుకుంటుంటే మీరు వంటింట్లోంచి తీయాలి. పైగా అది 80 సెంటీమీటర్లకన్నా దగ్గరగా ఫోకస్ అవదు. రెండేళ్ల పిల్ల మీ ఒళ్లోకే వచ్చి కూర్చుంటుంది. సిగ్మా 56 ఎంఎం ఎఫ్1.4 చూడండి, మీ కెమెరా మీద అదే 85 అవుతుంది, 280 గ్రాములే. ఫోకస్‌లో ఐ ఏఎఫ్ (కంటిని వెతికి దాని మీద ఫోకస్ చేసేది) ఆన్ చేసి, షట్టర్ 1/500 సెకను కన్నా నెమ్మదిగా పెట్టకండి.