మునిగే ముందు గబగబా ఊపిరి తీయకు

చిన్నా,

ఈ వేసవి సెలవుల్లో ఊరెళ్ళి మన మోటబావిలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నీళ్ళ అడుగునే ఈదుతానని పందెం కట్టావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీపుకి సొరకాయ బుర్ర కట్టుకుని కాళ్ళు కొట్టిన పిల్లాడివి ఇంతవాడివయ్యావని పొంగిపోయాను, మరుక్షణం గుండె గుభేలుమంది. అందుకే వెంటనే కూర్చుని రాస్తున్నాను.

తలకిందులుగా దూకకు, మెట్ల మీంచి దిగు. అడుగున మోటారు పైపులు, తీగలు ఉన్నాయేమో ముందే చూసుకో. జలుబు చేసి చెవులు దిబ్బడేసిన రోజున మునగకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా ఒక్కదాని మీద. పందెం వేసేవాళ్ళు మునిగే ముందు ఒడ్డున కూర్చుని పదిహేను, ఇరవై సార్లు గబగబా ఊపిరి తీసి వదులుతారు. గాలి నింపుకుంటున్నాం అంటారు. ఒకరిని చూసి ఒకరు తరతరాలుగా నేర్చుకున్న తప్పు ఇది. ఈతలో ఆరితేరినవాళ్ళు కూడా నీళ్ళలో చనిపోవడానికి ఇదొక కారణం.

గాలి నిండదు, చూడు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 గ్రాములుంటుంది. ఒక్కో గ్రాము 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పట్టుకుంటుంది, అంటే మొత్తం 20. విడిగా కరిగి ఉండేది 0.3 మాత్రమే. మామూలుగా ఊపిరి తీస్తున్నప్పుడే హిమోగ్లోబిన్ నూటికి 97, 98 వంతులు నిండి ఉంటుంది. నిండిన బిందెలో ఇంకో నాలుగు చెంబులు పోస్తే ఏం లాభం? ఊపిరితిత్తుల గాలిలో ఆక్సిజన్ కాస్త పెరుగుతుంది, అంతే.

గబగబా తీస్తే బాగా తగ్గిపోయేది కార్బన్ డయాక్సైడ్. అది రక్తంలో నూటికి దాదాపు 7 వంతులు కరిగి, 23 వంతులు హిమోగ్లోబిన్‌ని అంటుకుని, మిగతా 70 వంతులు బైకార్బొనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. ధమని రక్తంలో దాని పీడనాన్ని పాదరసం కొలతలో 40 మిల్లీమీటర్ల దగ్గర నిలకడగా ఉంచేది మెదడు అడుగున ఉండే మెడుల్లా. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఆమ్లం పెరుగుతుంది. ఆ పులుపు తగలగానే మెడుల్లా ఊపిరి తియ్యమని డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని, తరుముతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు గొంతు పట్టేసినట్టయి, పొట్ట ఎగిరెగిరి పడే ఆరాటం చాలామట్టుకు దీనివల్లే, ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. ఆక్సిజన్‌ని కనిపెట్టేవి వేరే ఉన్నాయి. మెడలో రెండు పక్కలా, నాడి అందే చోట బియ్యపు గింజంత కెరోటిడ్ బాడీలు. ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60 కిందికి జారితే గానీ అవి గట్టిగా అరవవు. కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటే ఆ అరుపూ నీరసిస్తుంది.

ఇప్పుడు ఒడ్డున ఇరవై సార్లు ఊదేశావనుకో. 40 కాస్తా 20కో 25కో దిగుతుంది. పెదాలు, వేలి కొసలు తిమ్మిరెక్కి తల తేలిపోతుంది, దాన్ని చూసి ఒంట్లో శక్తి నిండిందనుకుంటారు. మునిగాక కండరాలు ఆక్సిజన్ తింటూనే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ 50 దాకా పెరిగి కేక పెట్టేలోపే ఆక్సిజన్ 30కి పడిపోవచ్చు. అక్కడ స్పృహ తప్పుతుంది. ఆరాటం ముందు రావాలి, మైకం తర్వాత రావాలి. ఆ వరస తిరగబడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఉండదు. పైనున్నవాళ్ళు "వీడు భలే ఆపుతున్నాడే" అని లెక్కపెడుతూనే ఉంటారు.

నీకు ఏడాదిన్నరప్పుడు బొమ్మ లాక్కుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడివి. గుక్క తిప్పుకోక పెదాలు నల్లబడి మీ అమ్మ ఒళ్ళోనే కళ్ళు తేలేసేవాడివి. అర నిమిషంలో నీ అంతట నువ్వే ఊపిరి తీసేవాడివి. స్పృహ ఉన్నంతసేపే ఊపిరి మన మాట వింటుంది, పోగానే మెడుల్లా పగ్గాలు లాక్కుంటుంది. అమ్మ ఒళ్ళో గాలి ఉంది కన్నా. బావిలో అదే ఊపిరి నీళ్ళు లాగుతుంది.

అప్పట్లో నీకు ఐరన్ చుక్కలు పోశారు. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఈ గుక్క ఎక్కువ. అందుకని ఊరెళ్ళే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. 13 కన్నా తక్కువుంటే పందెం మాట మర్చిపో. 10 గ్రాములే ఉంటే నీ రక్తం మోసేది 20 కాదు, 13 చిల్లర. వేలికి తొడిగే ఆక్సీమీటర్ అప్పుడూ 98 చూపిస్తుంది. ఉన్న బిందెలు నిండాయని చెబుతుందే గాని, ఎన్ని బిందెలున్నాయో చెప్పదు.

బావి నిండుగా ఉంటే అడుగుకి పోకు. 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు కాబట్టి ఆక్సిజన్ కూడా సరిపోతున్నట్టే ఉంటుంది. పైకి వస్తుంటే పీడనం సగమవుతుంది, ఒడ్డు కనబడుతుండగా, చివరి రెండు మూడు మీటర్లలో కళ్ళు తిరుగుతాయి.

మునిగే ముందు రెండు మామూలు ఊపిర్లు చాలు. పొట్ట ఎగిరిందా, వెంటనే పైకి రా. పౌరుషానికి పోయి ఆపావంటే నేను ఊరుకోను. ఎంతసేపు మునిగావో దానికి రెండింతలు ఒడ్డున కూర్చో. ఇద్దరూ ఒకేసారి మునగొద్దు. ఒకడు మునిగితే ఒకడు చూడాలి, నువ్వు పైకొచ్చాక కూడా అర నిమిషం కళ్ళు తిప్పకూడదు.

ఆ చూసేవాడికి ఇదీ నేర్పు. మునిగినవాణ్ణి బయటికి లాగాక భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో ముందు గాలి ఊదాలి. కదలిక లేకపోతే రొమ్ము మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్ళీ 30. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఆక్సిజన్ అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతింటుంది. బావి దగ్గరికి అంబులెన్సు ఆలోపు రాదు.

ఒడ్డున కూర్చునేది ఎవడో నాకు ఫోన్ చేసి చెప్పు. వాడితో నేనే మాట్లాడతాను.

నీ మేనత్త