కాఫ్కా నేర్చుకోవడానికి ఏ ల్యాప్‌టాప్? పాపులారిటీ పట్టికలు చూసి కొనకండి

మీరడిగింది రెండు ముక్కల్లో ఇదీ: ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే కాఫ్కా, పల్సర్, రాబిట్‌ఎంక్యూల్లో దేనికి గిరాకీ ఎక్కువ, డెస్క్‌టాప్ మీద విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఎక్కువమంది వాడేది ఏది. ఈ రెండు పట్టికలూ చూసుకుని అమలాపురంలో ల్యాప్‌టాప్ కొనేద్దామని మీ ఆలోచన. నేను భీమవరంలో ఇంటి నుంచే పనిచేస్తానండి, రోజూ చేసేది కాఫ్కా పనే. ఆ రెండు పట్టికల్నీ కలిపి చూడటమంటే వరికి ఎకరానికి ఎన్ని బస్తాలు, రొయ్యకి ఎకరానికి ఎన్ని టన్నులు అని రాసుకుని ఏది గొప్పో తేల్చినట్టు ఉంటుంది.

ఓఎస్‌ల (ఆపరేటింగ్ సిస్టమ్‌ల) వాటా అంటూ నెట్‌లో తిరిగే అంకెలు చాలావరకు స్టాట్‌కౌంటర్ అనే వెబ్ లెక్కల సంస్థవి. వాళ్లు కంప్యూటర్లను లెక్కపెట్టరు. తమ కోడ్ పెట్టుకున్న వెబ్‌సైట్లలో జనం తెరిచిన పేజీలను లెక్కపెడతారు. అందులో ప్రపంచం మొత్తం మీద డెస్క్‌టాప్ విండోస్ 70 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, లినక్స్ నాలుగు శాతం దగ్గర ఉంటుంది. సరే, కాఫ్కా నడిచే సర్వరు ఏనాడైనా బ్రౌజర్ తెరిచి క్రికెట్ స్కోరు చూస్తుందా? ఆ లెక్కలోకే రాదు. ఆ పట్టికలో అడుగున కనబడే లినక్సే కాఫ్కా సర్వర్లలో దాదాపు అంతటా ఉండేది.

మన వైపు విండోస్ ఇంతగా ఉండటానికి కారణం జనం ఏరికోరి తెచ్చుకోవడం కాదు. మేత కొట్లో, రైసు మిల్లులో ట్యాలీ కావాలి. పాలకొల్లులో శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లో అను ఫాంట్లూ పేజ్‌మేకరూ కావాలి. అవి విండోస్ మీద నడుస్తాయి కాబట్టి విండోస్. (కొంతమంది ఇప్పటికీ పాత విండోస్‌ని కదపరు, కదిపితే అక్షరాలు చెదిరిపోతాయని బెంగ.) కాఫ్కా సంగతి దీనికి తిరగేసి. కంపెనీలో ఇద్దరు ముగ్గురు కూర్చుని తేల్చేస్తారు, దాని మీద నడిచే యాప్ వాడే లక్షలమందికి కాఫ్కా అన్న పేరే తెలీదు. కాఫ్కా సొంత వెబ్‌సైటు కూడా ఫార్చ్యూన్ 100 కంపెనీల్లో 80 శాతానికి పైగా తమ సరుకు వాడుతున్నాయని చెప్పుకుంటుంది తప్ప ఇంతమంది మనుషులని చెప్పదు.

ఇక కాఫ్కా, పల్సర్, రాబిట్‌ఎంక్యూల మధ్య పోలికంటే, ఉద్యోగాల కోసమైతే కాఫ్కా. ఇందులో పెద్దగా చర్చ లేదు. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. పల్సర్ యాహూ నుంచి 2016లో బయటికొచ్చింది, మంచిదే, కానీ అడిగేవాళ్లు తక్కువ. రాబిట్‌ఎంక్యూ 2007 నుంచీ ఉంది గానీ దాని అసలు పని వేరు. మామూలు క్యూలో సందేశం అందిందని అవతలి వాళ్లు చెప్పగానే తీసేస్తుంది. కాఫ్కా చదివాక కూడా ఉంచుతుంది, సెట్టింగులు ముట్టుకోకపోతే 168 గంటలు, అంటే వారం.

కాఫ్కాను కనిపెట్టుకుని ఉండే టూల్స్ విషయంలో మాత్రం గిట్‌హబ్ స్టార్లను (కోడ్ ఉంచే ఆ సైట్లో జనం ఇచ్చే మెచ్చుకోళ్లను) నమ్మకండి. యాహూ వాళ్ల సీమ్యాక్‌కి వేలకొద్దీ స్టార్లున్నాయి. అది జూకీపర్‌తో, అంటే పాత కాఫ్కా తన సర్వర్ల వివరాలు దాచుకునే వేరే ప్రోగ్రామ్‌తో మాట్లాడుతుంది. 2025 మార్చిలో వచ్చిన కాఫ్కా 4.0లో జూకీపర్‌నే పూర్తిగా తీసేశారు. స్టార్లు మాత్రం అలాగే ఉన్నాయి, ఇచ్చినవాళ్లు ఎవరూ తిరిగొచ్చి వెనక్కి తీసుకోరు కదా. డాకర్ (ప్రోగ్రామ్‌ని కావలసినవన్నీ కలిపి ఇమేజ్ అనే ఒకే మూటగా ఇచ్చి నడిపే టూల్) డౌన్‌లోడ్ల లెక్కా అంతే. కాఫ్కాకి అధికారిక డాకర్ ఇమేజ్ 2024లో 3.7తోగానీ రాలేదు, అంతకుముందు అందరూ వేరేవాళ్లు తయారుచేసినవే వాడారు. నేర్చుకునేటప్పుడు ఏకేహెచ్‌క్యూ గానీ కాఫ్‌బ్యాట్ గానీ పెట్టుకోండి, బ్రౌజర్లో తెరుచుకుంటాయి కాబట్టి మీ ఓఎస్ ఏదైనా ఒకటే.

అయితే కాఫ్కాను నేరుగా విండోస్ మీద నడపకండి. డౌన్‌లోడ్‌లో విండోస్ కోసం బ్యాట్ ఫైళ్లు ఇస్తారు, మొదలవుతుంది కూడా. తంటా తర్వాత వస్తుంది. వారం గడిచాక సందేశాలు దాచిన పాత లాగ్ ఫైళ్లను తీసేయడానికి కాఫ్కా ముందు వాటి పేరు చివర డిలీటెడ్ అని తగిలిస్తుంది. ఆ ఫైలు ఇంకా మెమరీలోకి మ్యాప్ అయి ఉంటుంది కాబట్టి విండోస్ పేరు మార్చనివ్వదు, వేరే ప్రోగ్రామ్ వాడుతోందంటుంది, దాంతో బ్రోకర్ (కాఫ్కా సర్వర్ ప్రోగ్రామ్) ఆగిపోతుంది. టాపిక్ (సందేశాల కోసం పేరు పెట్టిన విభాగం) డిలీట్ చేసినా ఇదే వరస. ఏళ్ల తరబడి ఉన్న గొడవే ఇది. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే ఉబుంటు లాంటి లినక్స్ నడిపే ఏర్పాటు) వేసుకుని, ఫైళ్లు సీ డ్రైవులో కాకుండా ఆ ఉబుంటు లోపలే పెట్టుకుంటే దీని జోలి ఉండదు.

కాబట్టి విండోస్ ల్యాప్‌టాపే కొనండి, మ్యాక్ కోసం అప్పు చేయకండి. డబ్బులు ర్యామ్ మీద పెట్టండి. ఒక్కో బ్రోకర్‌కి కాఫ్కా స్క్రిప్టే ఒక జీబీ హీప్ (అది వాడుకునే మెమరీ) ఇచ్చేస్తుంది, మూడు బ్రోకర్ల క్లస్టర్ చేస్తే అక్కడికే మూడు జీబీ. మామూలుగా డబ్ల్యూఎస్ఎల్ 2 మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. 8 జీబీతో క్రోమ్ కూడా తెరిస్తే ఏడుపే, 16 చూసుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదీ, టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉన్నదీ అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇవి లేనిదే 11 సరిగా ఎక్కదు. కొట్టువాడు "ఎక్కించి ఇస్తానండి" అంటాడు, బయోస్ (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల తెర) తెరిపించి మీరే చూసుకోండి.

ఆఖరు సంవత్సరం ప్రాజెక్టుకి రొయ్యల చెరువు డేటా తీసుకుంటానన్నారు. మంచి ఆలోచనే, తెల్లవారుజామున నీళ్లలో డీఓ (కరిగిన ఆక్సిజన్) పడిపోయినప్పుడు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఇంట్లో మంచం మీంచే తెలిస్తే రైతు కాదంటాడా? కానీ నాలుగు చెరువులకు కాఫ్కా ఎందుకండీ, ఎంక్యూటీటీ (సెన్సర్ల రీడింగులు పంపే పద్ధతి), దాన్ని నడిపే మస్కిటో బ్రోకర్ చాలు. చమురు పైపులైన్ల రీడింగులు శాటిలైట్ మీదుగా తెప్పించుకోవడానికి 1999లో కట్టిన ప్రోటోకాల్ ఎంక్యూటీటీ, సిగ్నల్ సరిగా లేని గట్ల మీద బాగా పనికొస్తుంది. కాఫ్కా చూపించాలనుకుంటే మస్కిటో వెనకాల పెట్టి, వారం రీడింగులు మళ్లీ మొదట్నుంచి ఆడించి చూపించండి, అది మస్కిటో చేయలేని పని. ఇంకోటి, కరెంటు పోతే ఏరేటర్‌తో పాటు రౌటరూ పోతుంది. నెట్ తిరిగి వచ్చేదాకా రీడింగులు చెరువు దగ్గరి సెన్సర్ బోర్డులోని మెమరీ కార్డులో దాచి, ప్రతిదానికీ అక్కడి టైమే వేసి తర్వాత పంపేలా రాయండి.