అసిస్టెడ్ లివింగ్‌లో అమ్మకి పొద్దెలా పోతుంది? మా అమ్మ విషయంలో నేను చూసింది

మీరు అడిగింది ఏంటంటే, అమ్మగారికి 76 ఏళ్ళు, మోకాళ్ళ వల్ల స్నానానికీ బట్టలు మార్చుకోడానికీ మనిషి సాయం కావాలి, అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనులకి మనిషి సాయం దొరికే, పెద్దవాళ్ళు ఉండే చోటు) చూస్తున్నారు, బ్రోచర్‌లో యోగా మ్యూజిక్ గేమ్స్ అని ఫోటోలతో సహా వేశారు గానీ అవి నిజంగా జరుగుతాయా, ఎవరితోనూ తొందరగా కలవని మనిషి అక్కడ రోజంతా ఏం చేస్తుంది అని. మూడేళ్ళ కింద నేనూ ఇదే దిగులుతో తిరిగాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి అప్పుడు 79. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్ లేకుండా అడుగు వెయ్యలేకపోయేది, నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి పోతాం, పెట్టిన ఆయాలు నెలకొకళ్ళు మారిపోయేవాళ్ళు, తమ్ముడేమో డాలస్‌లో. ఒకరోజు అమ్మే అంది, ఎక్కడైనా మంచి చోటు చూడవే, మీ ఇద్దరి మొహాలూ చూడలేకపోతున్నా అని. ఆ మాటకి నేను చాలా ఏడ్చాను, కానీ చూడ్డం మొదలుపెట్టాం.

మొదట చేర్చిన చోట గోడకి పెద్ద చార్ట్ ఉండేది, సోమవారం యోగా, మంగళవారం భజన, బుధవారం ఆటలు అని రంగురంగుల్లో. అది చూసే నేను పడిపోయా. చేర్చాక తెలిసింది, సగం రోజులు అందర్నీ తీసుకొచ్చి హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టడమే ప్రోగ్రాం. మిగతా సగం రోజులు గుండ్రంగా కుర్చీలు వేసి బెలూన్ విసిరి పట్టుకోమనేవాళ్ళు. బెలూన్ ఆట చెడ్డదని కాదు, భుజాలు బాగా కదులుతాయి, మా ఫిజియో కూడా మంచిదే అన్నాడు. కానీ అక్కడ ఉన్న అమ్మాయి ఎనభై ఏళ్ళ వాళ్ళతో చంటిపిల్లలతో మాట్లాడినట్టు "వెరీ గుడ్ అమ్మమ్మా, చప్పట్లు కొట్టు" అనేది. రెండో వారం నుంచి అమ్మ గది దాటి రాలేదు. ఏంటమ్మా అంటే "నన్ను ఎల్‌కేజీలో వేశావా" అని అటు తిరిగి పడుకుంది. అయిదు నెలలకే అక్కడ్నుంచి మార్చేశాం.

ఇప్పుడున్నది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ దాటాక, చిన్నది, నలభై మంది లోపే ఉంటారు. ఇక్కడ చార్ట్ లేదు. కానీ చేరిన రోజు ఒకావిడ వచ్చి అమ్మ పక్కన మంచమ్మీద కూర్చుని, బీపీ షుగర్ గురించి కాదండీ, "మీరు ఇంట్లో ఏం చేసేవారమ్మా, బయట ఉద్యోగం ఏమన్నా చేశారా, పొద్దున్న లేవగానే మొదట ఏ పని చేసేవారు" అని గంటసేపు అడిగి ఒక పుస్తకంలో రాసుకుంది. మా అమ్మ ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసు ఆర్‌డీ (నెల నెలా ఇంత అని కట్టే పొదుపు) ఏజెంటుగా చేసింది, వనస్థలిపురంలో మా కాలనీ మొత్తం నెల నెలా తిరిగి డబ్బు వసూలు చేసి, కార్డులో రాసి, పోస్టాఫీసులో కట్టేది. అయిదేళ్ళ ఆర్‌డీ అంటే అరవై వాయిదాలు కదా, అరవై నెలలు ఒక ఇంటి గుమ్మం తొక్కితే ఆ ఇంట్లో ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరికి ఒంట్లో బాలేదు అన్నీ తెలుస్తాయి. అమ్మకి ఉన్న స్నేహాలన్నీ అలా వచ్చినవే. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పమంటే అమ్మకి ఎప్పుడూ రాదు, చేతిలో పని ఉంటే మాత్రం గంటలు మాట్లాడుతుంది. ఇన్నేళ్ళు కూతురిగా ఉండి నేను దీన్ని పట్టించుకోలేదు, ఆవిడ ఒక్క గంటలో పట్టుకుంది.

అక్కడ ప్రతి శుక్రవారం సాయంత్రం తంబోలా (నంబర్లు పిలుస్తుంటే టికెట్ మీద కొట్టేసుకునే ఆట) ఆడతారు. అమ్మని ఆడమంటే రానంది. అప్పుడు ఆవిడ "ఆడొద్దులెండి, టికెట్ డబ్బుల లెక్క ఎప్పుడూ తేడా వస్తోంది, మీరు చూసిపెట్టండి" అంది. టికెట్ అయిదు రూపాయలు, ప్రైజులు సబ్బులూ బిస్కట్ ప్యాకెట్లూ. నేను తర్వాతి వారం వెళ్ళేసరికి అమ్మ మంచమ్మీద ఒక పొడుగు నోటుబుక్, గళ్ళు గీసి, రూం నంబర్ల వారీగా పేర్లు, పక్కన టిక్కులు. నోట్లు లెక్కపెట్టడానికి తడి స్పాంజి డబ్బా కావాలని నన్ను కొనుక్కురమ్మంది, పోస్టాఫీసు కౌంటర్‌లో ఉండేలాంటిది. గురువారం మధ్యాహ్నం వాకర్‌కి ఒక గుడ్డసంచీ తగిలించుకుని గది గదికీ వెళ్ళి వసూలు చేసేది. ఫిజియో మొత్తుకున్నా కారిడార్‌లో రెండు రౌండ్లు వెయ్యని మనిషి వసూళ్ళకి మాత్రం రెండు అంతస్తులు తిరిగింది. మంచం దిగని వాళ్ళ దగ్గర కూడా ఆగి, టికెట్ తనే పెట్టుకుని వాళ్ళ తరఫున కొట్టి, గెలిస్తే ప్రైజు ఇచ్చి వచ్చేది. అలా ఆర్నెల్లలో అమ్మకి తెలియని మనిషి లేరు అక్కడ.

అందుకని మీరు చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఏమేం యాక్టివిటీస్ ఉన్నాయి" అని అడిగితే సరిపోదు, "మా అమ్మ గురించి మీరేం తెలుసుకుంటారు" అని అడగండి. ఇంకోటి, పొద్దున్న పదకొండింటికి వెళ్ళకండి, ఆ టైమ్‌కి అన్ని చోట్లా బాగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్యలో, కుదిరితే ఆదివారం వెళ్ళండి. భోజనం అయ్యి కునుకు తీసి లేచాక సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఉండే టైమ్ వాళ్ళకి చాలా బరువుగా గడుస్తుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు ఆ వేళకే ఎక్కువ కంగారుపడతారు, ఇంటికి పోతానంటూ లేస్తారు. అప్పుడు హాల్లో ఎవరైనా ఉన్నారా, ఏం జరుగుతోంది, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళని ఎవరైనా తీసుకొస్తున్నారా చూడండి. మేమున్న చోట ఆ టైమ్‌కి చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, పత్తి ఇచ్చి వత్తులు చేయించడం, పక్కరోజు పూజకి పూలు గుచ్చడం పెడతారు. ఒక పెద్దావిడకి కూతురి పేరు గుర్తుండదు, కానీ మంగళహారతి ఎత్తుకుంటే చివరి చరణం దాకా ఒక్క మాట తప్పదు, పాడుతూ వత్తులు చేస్తుంది. ఆవిడని ఎవరూ ఈరోజు ఏ వారం, మీ ఊరేది అని ప్రశ్నలు వెయ్యరు. నాకది చాలా నచ్చింది.

ఆటల్లో చిన్న చిన్న ఏర్పాట్లు కూడా చూడండి, వాటివల్లే ఆడేవాళ్ళు వస్తారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన రైల్వే రిటైర్డ్ ఒకాయన పదమూడు ముక్కలూ పట్టుకోలేక పేకాట మానేస్తే, అక్కడి కార్పెంటర్ ఒక చెక్కకి గాడి కొట్టి ఇచ్చాడు, ముక్కలు దాంట్లో నిలబెట్టి ఎడం చేత్తో ఆడతాడు. తంబోలా నంబర్ నోటితో చెప్పి ఊరుకోరు, బోర్డు మీద పెద్దగా రాస్తారు, ఎందుకంటే చెవుడు ఉన్నవాళ్ళు రెండుసార్లు వినపడక ఊరుకుంటారు, మూడోసారి రానే రారు. మీ అమ్మగారికి వినికిడి తగ్గి ఉంటే చేర్చేముందే మిషన్ సంగతి చూడండి, మనం కలవదు కలవదు అనుకుంటాం గానీ ఒక్కోసారి వినపడకే అలా ఉంటారు. వామనగుంటలు ఉంటే ఇంకా మంచిది, ఏడేసి గుంటలు రెండు వరుసలు, చింతపిక్కలు ఒక్కొక్కటీ తీసి వేస్తుంటే వేళ్ళకి కూడా పని. మోకాళ్ళకి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం ఉందా అడగండి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్ కోసం ఏదో ఒకటి చెయ్యాలని డబ్ల్యూహెచ్‌వో కూడా చెప్తుంది, పడిపోకుండా ఉండాలంటే అదే ముఖ్యం.

బయటికి తీసుకెళ్తారా అని కూడా అడగండి. కార్తీకమాసంలో వనభోజనాలకి అమ్మ మొదటి ఏడు రానంది. నేనేమో ఓపిక లేదనుకున్నా. రాత్రి పక్కన పడుకుంటే మెల్లిగా చెప్పింది, పొద్దున్న వేసుకునే, ఒంట్లో నీరు తీసే మాత్రకి గంటకోసారి బాత్రూంకి వెళ్ళాలి, తోటలో ఎక్కడికెళ్ళను అని. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేక ఓపిక లేదని అబద్ధం చెప్పిందన్నమాట. మరుసటి ఏడు డాక్టర్ని అడిగి ఆ ఒక్కరోజుకి మాత్ర టైమ్ మార్పించాం, వీల్‌చెయిర్ పట్టే బాత్రూం ఉన్న తోటే చూశారు వాళ్ళు, అమ్మ ఉసిరిచెట్టు కింద కూర్చుని పులిహోర రెండుసార్లు వేయించుకుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, మీరు చెయ్యకండి. ఆఫీస్ నుంచి బయల్దేరుతూ రోజూ అయిదింటికి అమ్మకి ఫోన్ చేసేదాన్ని. సరిగ్గా అప్పుడే భజన. నా ఫోన్ కోసం అమ్మ నాలుగున్నర నుంచే గదిలో సెల్లు చేత్తో పట్టుకుని కూర్చునేదట, ఎవరు పిలిచినా మా అమ్మాయి చేస్తుంది అనేదట. రెండు నెలల తర్వాత ఆయా చెప్తే తెలిసింది. ఇప్పుడు భోజనాలయ్యాక ఎనిమిదిన్నరకి చేస్తున్నా, తమ్ముడికి డాలస్‌లో అప్పుడు పొద్దున్నే కాబట్టి వాడూ కలుస్తాడు, అమ్మకి చెప్పడానికి కూడా ఆరోజు కబుర్లు ఉంటాయి.

అక్టోబర్ 1 వృద్ధుల దినోత్సవం రోజున మూడు బ్యాచ్‌ల కాలేజీ పిల్లలు పళ్ళు పట్టుకొచ్చి ఫోటోలు దిగి వెళ్తారు, తర్వాత సంక్రాంతి దాకా ఎవరూ రారు. వాళ్ళని తప్పుపట్టడం లేదు, కానీ దగ్గర్లోని స్కూల్ నుంచి ఒక ఏడో తరగతి పాప నెలకి రెండు శనివారాలు వచ్చి అమ్మ దగ్గర చుక్కల ముగ్గులు నేర్చుకుంటోంది, అమ్మ శుక్రవారమే కాగితం మీద చుక్కలు పెట్టి ఉంచుకుంటుంది. అలాంటి రాకపోకలు ఉన్నాయా కనుక్కోండి.

చేరిన మొదటి మూడు వారాలు మాత్రం దేనికీ బలవంతపెట్టొద్దని వాళ్ళకి గట్టిగా చెప్పండి, హాల్లో ఒక మూల కూర్చుని చూసినా చాలు. బట్టలతో పాటు ఇంట్లో ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే వస్తువేదో అది కూడా పంపండి, కుట్టుపెట్టె అయినా, పూలసజ్జ అయినా, లెక్కల పుస్తకమైనా. అమ్మగారు ఇంట్లో ఏ పనికి పేరుపడ్డారో కింద రాయండి, మేమున్న చోట అలాంటి వాళ్ళకి ఏం అప్పజెప్పారో కనుక్కుని చెప్తాను.