ఒకే గడప ముందు నాలుగు సంస్థలు

ప్రశ్న: ఆరిలోవ ప్రాంతంలో మహిళల చేత గుడ్డ సంచులు కుట్టించి అమ్మే చిన్న సంస్థను ఆరేళ్ళుగా నడుపుతున్నాను. అవే కొండవాలు కాలనీల్లో ఒక మిత్రురాలు పొడి చెత్తను సేకరించి వేరుచేసే కేంద్రం నడుపుతున్నారు. మరొకరు సాయంకాలం బడి నిర్వహిస్తున్నారు. నాలుగో సంస్థ ఉతికి వాడుకునే శానిటరీ న్యాప్‌కిన్లు తయారుచేయిస్తోంది. కలిసి పనిచేయాలని గత ఏడాది మూడుసార్లు సమావేశమయ్యాం, ఒప్పంద పత్రం రాసుకున్నాం, ఫొటోలు కూడా దిగాం. ఆ తరువాత ఎవరి పని వాళ్ళదే అయింది. మా మహిళలు అవతలి సంస్థలకు వెళ్ళిపోతారేమోనన్న భయం నాలోనూ ఉందని ఒప్పుకుంటున్నాను. ఎక్కడ పొరబడుతున్నాం? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: మీ భయాన్ని దాచుకోకుండా రాశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చిక్కంతా “మా మహిళలు” అన్న మాటలోనే ఉందని నా అభిప్రాయం. ఒక తల్లి మీ దగ్గర సంచులు కుడుతుంది, పక్క కేంద్రానికి పొడి చెత్త ఇస్తుంది, కూతురిని సాయంకాలం బడికి పంపుతుంది, నాలుగో సంస్థ దగ్గర న్యాప్‌కిన్లు కొంటుంది. మీ నలుగురి పుస్తకాల్లో ఆమె నలుగురు మనుషులు. ఆమె ఇంట్లో మాత్రం ఆమె ఒక్కతే, ఆమెకున్న రోజు కూడా ఒక్కటే.

కొన్నేళ్ళ క్రితం మీ వైపు కొండవాలులోనే ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ ఇల్లాలు బియ్యం డబ్బా వెనక నుంచి ఒక పాలిథిన్ సంచి తీసి, ముడి విప్పి, వేర్వేరు సంస్థలవాళ్ళు ఇచ్చిన నాలుగు కార్డులను చాప మీద పరిచింది. ఆమె పేరు నాలుగింటి మీదా నాలుగు రకాలుగా రాసి ఉంది, వయసు రెండు రకాలుగా ఉంది. ప్రతి సంస్థా వచ్చి అవే ప్రశ్నలు మొదటి నుంచి అడిగింది, ఆమె ప్రతిసారీ పని మానుకుని జవాబు చెప్పింది. “అందరూ వచ్చి రాసుకెళ్తారు గానీ, ఒకరు రాసుకున్నది ఇంకొకరికి చెప్పుకోరేటి బాబూ?” అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. మీరు అడిగిన దానికి నేనివ్వబోయే సమాధానం ఆమె మాటలోనే ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తాకిన తరువాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల ప్యాకెట్టు కోసం జనం బారులు తీరారు. సహాయం చేయడానికి వచ్చినవాళ్ళకు మాత్రం కొదవ లేదు. అయినా నేను తిరిగిన వార్డులో రోడ్డు పక్కనున్న వీధులకు మూడుసార్లు దుప్పట్లు అందాయి, బండి ఎక్కలేని పైమెట్ల ఇళ్ళకు ఒక్కసారీ అందలేదు. ఐదో రోజున అక్కడి అంగన్‌వాడీ టీచరు చేత్తో గీసిన వార్డు పటాన్ని బడి గోడకు అంటించి, తన దగ్గరున్న బొట్టుబిళ్ళల అట్ట తీసి, బియ్యం అందిన వీధికి ఎర్ర బిళ్ళ, టార్పాలిన్ అందిన వీధికి ఆకుపచ్చ బిళ్ళ పెట్టడం మొదలుపెట్టారు. అరగంటలో పటం కింది భాగమంతా బిళ్ళలతో నిండిపోయింది, పైభాగం తెల్లగా మిగిలింది. ఆ పటం ముందు నిలబడ్డాక మేమెవరమూ మళ్ళీ రోడ్డు పక్క వీధికి వెళతామని అనలేకపోయాం. అక్కడ ఎవరూ ఒప్పందం రాయలేదు, అధ్యక్షుణ్ణి ఎన్నుకోలేదు. ఒకే లెక్క అందరి కళ్ళ ముందూ ఉండడం వల్లనే పని దానంతటదే పంపకమైంది.

కాబట్టి మీ నలుగురూ నాలుగో సమావేశం పెట్టుకునే ముందు ఒకే ఒక్క ఉమ్మడి రిజిస్టరు రాయండి. ఒక కాలనీ చాలు. ప్రతి ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఏ పని చేస్తున్నారు, ఏ సంస్థ ఏ సేవ అందిస్తోంది, ఇంకా ఏ అవసరం మిగిలి ఉంది అన్న నాలుగైదు వివరాలకు మించి రాయవద్దు. ఆ వివరాలను నాలుగు సంస్థలూ చూస్తాయని, వద్దనుకుంటే తీసివేయించుకునే హక్కు తమకు ఉందని ఆ కుటుంబాలకు తెలుగులో చదివి వినిపించి, వాళ్ళ అంగీకారం తీసుకోండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టం అంగీకారానికే పెద్దపీట వేసింది. చట్టం లేకపోయినా అది మనం పాటించవలసిన మర్యాదే.

లెక్కలు పంచుకోకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి చాలా బాధాకరంగా చూసింది. పేద మహిళలకు చిన్న రుణాలు ఇవ్వడం గొప్ప సామాజిక వ్యాపారమని అందరూ నమ్మిన కాలంలో, ఒకే ఇల్లాలికి పలు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చాయి. ప్రతి సంస్థా తన కిస్తీ వసూలవుతోందా లేదా అన్నదే చూసుకుంది తప్ప, ఆ కిస్తీ కట్టడానికి ఆమె ఇంకో సంస్థ దగ్గర అప్పు చేస్తోందన్న సంగతి ఎవరి పుస్తకంలోనూ కనబడలేదు. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక రుణగ్రహీతకు రెండుకు మించి సూక్ష్మరుణ సంస్థలు అప్పు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2011లో నిబంధన పెట్టాక, రుణ చరిత్రను నమోదుచేసే సంస్థలతో సమాచారం పంచుకోవడం వాటికి తప్పనిసరి అయింది. ముందే చేసి ఉండవలసిన పని అది. మంచి ఉద్దేశం ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ పుస్తకం చూడకపోతే ఆ మంచే ఒక ఇంటిని ముంచగలదని తెలిసిన ప్రాంతం మనది.

రిజిస్టరు తరువాతి మెట్టు ఇంకా కష్టమైనది: ఎవరు ఏమి వదులుకుంటారో పైకి చెప్పుకోవాలి. మీకూ న్యాప్‌కిన్ల సంస్థకూ కుట్టుమిషన్లు వేర్వేరుగా ఉన్నాయనుకుంటాను. ఒకే షెడ్డులో పెట్టుకుంటే ఒక అద్దె మిగులుతుంది. సాయంకాలం బడి జరిగే గది పగలంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి, కుదిరితే అదే షెడ్డు కావచ్చు. పలుచని ప్లాస్టిక్ సంచులపై దేశమంతటా నిషేధం ఉంది గనుక మీ సంచులకు గిరాకీ ఉంటుంది, కానీ అది పెళ్ళిళ్ళకూ పండుగలకూ పెరిగి మిగతా నెలల్లో పడిపోతుంది. న్యాప్‌కిన్లు నెలనెలా కావలసినవి. మీ ఆర్డర్లు తగ్గిన నెలలో అదే మహిళ అదే మిషను మీద న్యాప్‌కిన్లు కుట్టగలిగితే ఆమెకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది. అయితే దీనికి ఒక షరతు ఉంది: రెండు సంస్థలూ పీసు రేటును కలిసి నిర్ణయించి, గోడ మీద రాసి పెట్టాలి. మీ మహిళలు వెళ్ళిపోతారన్న భయం నిజానికి రేటు గురించిన భయమే. రేటు ఒకటైన రోజున వాళ్ళు ఎక్కడ కుట్టినా మీకు నష్టం ఉండదు.

ఇక మనిషి సంగతి. నలుగురి పనినీ కలిపి చూసే బాధ్యత నలుగురిదీ అయితే అది ఎవరిదీ కాకుండా పోతుంది. జాన్ కానియా, మార్క్ క్రామర్ అనే ఇద్దరు 2011లో అమెరికాలో రాసిన ఒక వ్యాసం ఇలాంటి కూటములు నిలబడడానికి ఐదు షరతులు చెప్పింది. ఉమ్మడి లక్ష్యం, ఉమ్మడి కొలమానం, ఒకదానికొకటి ఊతమిచ్చే పనులు, ఎడతెగని సంభాషణ, వీటన్నిటినీ మోసే వెన్నెముక లాంటి ఒక వ్యవస్థ. మొదటి నాలుగింటినీ అందరూ ఇష్టంగా ఒప్పుకుంటారు, ఐదోదానికి డబ్బు అడిగితే మౌనం పాటిస్తారు. మీ నలుగురూ ఆదాయాన్ని బట్టి వాటాలు వేసుకుని, ఆ కాలనీలోనే ఉండే ఒక చదువుకున్న అమ్మాయికి నెల జీతం ఇచ్చి ఆ రిజిస్టరు అప్పగించండి. నగరం నడిబొడ్డున ఆఫీసు తీసుకుని అక్కడ కూర్చోబెట్టవద్దు. ఆ జీతం ఇవ్వడానికి మీలో ఎవరికి మనసొప్పలేదో, వాళ్ళకు ఈ కలయిక అక్కరలేదని నిస్సంకోచంగా అనుకోవచ్చు. నెలకోసారి జరిగే సమావేశంలో కుట్టే మహిళలూ చెత్త వేరుచేసే మహిళలూ కూర్చోవాలి, వాళ్ళకు ఓటు కూడా ఉండాలి.

ప్రశ్న: నిధులు వచ్చినన్నాళ్ళు పని జరుగుతుంది, ఆగగానే ఆగిపోతుంది. శాశ్వతమైన మార్పు అనేది నిజంగా సాధ్యమా? (ఒక పాఠకుడు, గాజువాక)

సమాధానం: సాధ్యమేనని మన నెల్లూరు జిల్లా మహిళలు చూపించారు. అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడుల్లో మహిళలను ఒకచోట చేర్చింది. సారా వల్ల తమ ఇళ్ళలో ఏం జరుగుతోందో వాళ్ళు ఆ బడుల్లోనే ఒకరికొకరు చెప్పుకున్నారు. దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. చట్టం అలా వచ్చి వెళ్ళింది. కానీ ఆ మహిళలే రోజుకొక రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టి కట్టుకున్న సంఘాలు నిలిచాయి. ఈ రోజు మన వార్డుల్లో డ్వాక్రా సంఘాలని మనం పిలుచుకునే వాటి బలంలో ఆ అనుభవానికి పెద్ద వాటా ఉంది.

చదువు చెప్పడానికి వచ్చినవాళ్ళు సారా పోరాటాన్ని తమ పథకంలో లేదని ఆపలేదు, పోరాడినవాళ్ళు పొదుపును చిన్న పని అనుకోలేదు. ఒకరు చేర్చిన మనుషుల మీద ఇంకొకరి పని నిలబడింది. మీరు ఏ పని మొదలుపెట్టినా, మీ ప్రాజెక్టు కోసం కొత్తగా ఒక “గ్రూపు” ఏర్పాటు చేయకుండా అక్కడ ఇప్పటికే ఉన్న పొదుపు సంఘం దగ్గరికి వెళ్ళండి. మీరు వెళ్ళిపోయిన తరువాత కూడా ప్రతి నెలా కలుసుకునేది ఆ సంఘమే. మొదటి ఏడాదిలోనే లెక్కల పుస్తకం, కొనేవాళ్ళ ఫోను నంబర్లు, ముడిసరుకు ఎక్కడ దొరుకుతుందన్న వివరం వాళ్ళ చేతికి ఇవ్వండి. ఈ మూడింటినీ మూడో ఏడాది దాకా తమ దగ్గరే అట్టిపెట్టుకున్న సంస్థ నిధులు ఆగిన రోజున వాటిని ఇవ్వాలనుకున్నా, అప్పటికి అందుకునేవాళ్ళు మిగలరు.

ప్రశ్న: మూడు స్వచ్ఛంద సంస్థలం కలిసి ఒకే పేరుతో నమోదు కావాలా? ఒకరికి వచ్చిన నిధులను మిగతావాళ్ళకు ఇవ్వవచ్చా? సామాజిక సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్ళవచ్చా? (ఒక పాఠకురాలు, అనకాపల్లి)

సమాధానం: కలిసి పనిచేయడానికి ఒకే సంస్థగా మారనక్కరలేదు. ఎవరి నమోదు వాళ్ళు ఉంచుకుని, పనుల పంపకాన్నీ ఖర్చుల వాటాలనూ ఒక ఒప్పందంలో రాసుకుంటే సరిపోతుంది. నిధుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, విదేశాల నుంచి వచ్చిన విరాళాన్ని అందుకున్న సంస్థే ఖర్చు చేయాలి. అవతలి సంస్థకు కూడా విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, దానికి బదిలీ చేయకూడదు. ఆ విరాళంలో పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే ఆ కంపెనీలు తమ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో ఖర్చు చేయవలసిన 2 శాతం, కావాలనుకుంటే మీలో ఆ నిధులు అందుకోదలచిన ప్రతి సంస్థా కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర విడిగా నమోదై ఉండాలి. సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజి గురించి కూడా అడిగారు. లాభాపేక్ష లేని సంస్థలు అక్కడ సేకరించవలసిన కనీస మొత్తం 50 లక్షల రూపాయలు కాబట్టి మీ స్థాయికి ఇప్పుడే తొందరపడవద్దని నా సలహా. మీ దగ్గర పనిచేసే మహిళలే యజమానులు కావాలన్నది మీ ఉద్దేశమైతే, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వాళ్ళ చేతనే సంఘం నమోదు చేయించడం అన్నిటికన్నా మంచి దారి.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే మూడు దుకాణాలవాళ్ళం నగరంలో ఒకరికొకరం పోటీ. పోటీదారుల మధ్య సహకారం కుదురుతుందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: ధర దగ్గర పోటీ పడండి, అందులో తప్పేమీ లేదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఏ ఒక్క దుకాణానిదీ కాదు, ఆ కళాకారులందరిదీ. ఒక దుకాణం రసాయన రంగు వేసిన బొమ్మను సహజ రంగు బొమ్మగా అమ్మితే, కొనుగోలుదారుడి దగ్గర మీ ముగ్గురి పేరూ పోతుంది. కాబట్టి రంగుల నాణ్యత విషయంలో ఒకరి సరుకును ఒకరు పరీక్షించుకునే ఏర్పాటు చేసుకోండి. చెట్ల నుంచీ గింజల నుంచీ రంగులు తీసే పద్ధతిని సి.వి.రాజు గారు దశాబ్దాలుగా కళాకారులతో కలిసి నిలబెట్టారు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ శ్రమను కాపాడుకోవడం అమ్మేవాళ్ళ బాధ్యత కూడా.

అంతకన్నా తొందరపడవలసిన విషయం కర్ర. ఈ బొమ్మలకు మెత్తని అంకుడు కర్రే కావాలి, అది అడవిలో తరిగిపోతోంది. ఒక దుకాణం ఒంటరిగా మొక్కలు నాటితే ఫలితం దక్కేదాకా ఓపిక పట్టలేదు. మీ ముగ్గురూ అమ్మిన ప్రతి బొమ్మ మీద ఒక రూపాయి పక్కన పెట్టి, ఊళ్ళోని కళాకారుల సంఘంతో కూర్చుని, ఎవరి గట్ల మీద, ఏ బంజరులో అంకుడు నాటవచ్చో, మొదటి రెండు వేసవులు నీళ్ళు పోసే మనిషికి కూలి ఎవరివ్వాలో తేల్చుకోండి. తొలకరికి నాటాలంటే నారు ఇప్పటి నుంచే పెంచుకోవాలి.